రాగిని దాచుకున్న నీళ్లు

ఆ పొద్దున ఆకాశం నీళ్లు ఎక్కువైన మజ్జిగలా ఉంది. కురిసే దమ్ము లేదు, తొలగిపోయే సిగ్గూ లేదు. ఆషాఢంలో మూడు రోజులుగా ఇదే వరస. జగిత్యాల బస్టాండులో దిగిన బుచ్చన్న పైకి ఒకసారి చూసి, చంకలోని గొడుగును చంకలోనే ఉంచాడు. ఇలాంటి మబ్బుకు గొడుగు తెరిస్తే దానికి లేని మర్యాద ఇచ్చినట్టవుతుందని ఆయన ఉద్దేశం.

ఇరవై ఆరేళ్లు పోలీసుల క్లూస్ టీములో వేలిముద్రల పొడి చల్లిన మనిషి. రిటైరయ్యాక ఎల్లంతకుంటలో రెండెకరాల వరి, దానితోపాటు ఈ పని. గల్ఫుకు పోయినవాళ్ల చావుల్లో పొంతన కుదరనివి ఏవైనా ఉంటే ఇంటివాళ్లు ఆయన దగ్గరికి వస్తారు. ఈసారి వచ్చింది లత తల్లి. లత మొగుడు రమేశ్ సెలవు మీద ముత్యంపేటకు వచ్చి పదో రోజున, పోయిన ఆదివారం, చచ్చిపోయాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు నీలంగా కక్కాడు. మూడింటికి ఆసుపత్రిలో ప్రాణం పోయింది. కడుపులో మైలుతుత్తం ఉందని డాక్టర్లు తేల్చారు. మామిడి చెట్లకు సున్నంతో కలిపి కొట్టే నీలం పొడి. ఆ ఇంట్లో అది అరకిలో ఉంది. దేవుని గూట్లో సగం ఖాళీ అయిన నీళ్ల సీసా ఉంది. వంట చేసేది లత. ఇంకేం కావాలి? ఈ సాయంత్రం నాలుగింటికి లత అరెస్టు కాగితం మీద సంతకం పడుతుంది. ఇవాళ గురువారం. అప్పుడు టైము తొమ్మిదింబావు.

సుమతి మేడం ఇంటి ముందు చెప్పులు విడిచాడు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. వంటింటి గట్టు మీద గాజు గొట్టాలు, పప్పు డబ్బాలు ఒకే వరసలో ఉంటాయి ఆమెకు.

"సీసల ఉన్నయి సముద్రం నీళ్లని లత అంటున్నది," అన్నాడు బుచ్చన్న. "రమేశ్ గల్ఫుల ఓడలు బాగుచేసే యార్డు నుంచి తెచ్చిండట. ఠాణాల ఎవ్వరు నమ్ముతలేరు. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి రాగిని పట్టిచ్చే కాగితం ముంచి చూస్తే రాగి లేదని వచ్చింది. నిన్న ల్యాబు ఉందన్నది. ఒకటే సీస, సీలు ఊడలే. ఎట్ల?"

మేడం నవ్వలేదు. చాయ్ గిన్నె చూపించింది.

"సముద్రం ఒడ్డున ఉండేటివి ఉత్త ఉప్పునీళ్లు కావు బుచ్చన్నా. కుళ్లిన ఆకులు, నాచు, బురద, వీటి రసమంత అండ్ల కరిగి ఉంటది. పల్చటి చాయ్ లెక్క. ఆ రసానికి చేతులుంటయనుకో. రాగి కనవడితే పట్టుకుంటది, ఇడువది. పట్టుకున్న రాగి నీ కాగితానికి దొరకది. ల్యాబోళ్లు యాసిడ్ పోసి మరగబెడ్తరు. అప్పుడు చేతులు తెగిపోయి రాగి బయట పడ్తది."

"అంటే రెండూ నిజమే."

"రెండూ నిజమే."

"చెంచాడు తుత్తం ఏసిరనుకోండ్రి అండ్ల?"

"చేతులెన్నుంటయి? నిండిపోతయి. మిగిలిన రాగి ఇడిగ తిరుగుతది. కాగితం ముంచంగనే వంగపండు రంగు."

"మరి అండ్ల సముద్రంలనే రాగి ఎందుకుంటది?"

"వాళ్ల యార్డుల ఏం జేస్తరు?"

"ఓడల అడుగు గీకుతరు."

"గదే. నత్తలు, నాచు అంటొద్దని ఓడ అడుగుకు రాగి కలిపిన రంగేస్తరు. గీకిన రంగు నీళ్లలకు ఇడిస్తే ఒడ్డు మీది బురద రసమే దాన్ని పట్టుకుంటది."

బుచ్చన్న కాగితం పట్టీల డబ్బా, మేడం కలిపిచ్చిన పల్చటి తుత్తం నీళ్ల చుక్కల సీసా జేబులో వేసుకున్నాడు. గుమ్మం దాకా వచ్చి మేడం అంది: "ల్యాబోళ్లను ఉప్పు సంగతి అడగలేదా ఎవ్వరు?"

"అడిగిందానికే చెప్తది ల్యాబు. అడిగెటోని తలకాయల ఒక్కటే ప్రశ్న ఉన్నది మేడం."

అడిగినవాడి పేరు జయంత్.

ముత్యంపేటలో రమేశ్ ఇంటి ముందు తెల్ల కారు నిలబడి ఉంది. తలుపుకు ఆనుకుని జయంత్. హైదరాబాదులో డిటెక్టివ్ ఏజెన్సీ, చేతిలో ట్యాబు, బురద అంటని బూట్లు. యార్డు కంపెనీ తెచ్చి పెట్టుకున్న మనిషి. చచ్చిపోయిన వర్కరు కుటుంబానికి సాయం చేయడానికట. ఆదివారం సాయంత్రానికే ఊళ్లో దిగాడు. సీసాలో రాగి ఉంటుందని చెప్పాడు. కాగితం రాగి లేదని చూపితే ల్యాబుకు పంపమని పట్టుబట్టాడు. నిన్న ల్యాబు ఉందనేసరికి పేపర్లో ఫొటో కూడా పడింది.

"బుచ్చన్నా, ఇంకా తిరుగుతున్నవా? కేసు అయిపోయింది కదా. బస్సు కిరాయి దండుగ."

"నీకు డీజిల్ కంపెనీ పోస్తది. నాకు గా బాధ లేదు, సీనియర్ సిటిజన్ పాసున్నది."

"ఇంట్ల ఇంకేమైనా మిగిలితే వెతుక్కో పో. నేను నాలుగింటికి ఠాణాల ఉండాలె."

"లోపటికి రా. నువ్వు నాలుగు దినాల కింద చూసినవి ఇంకోసారి చూద్దువు."

"నేను చూసినా?" జయంత్ నవ్వాడు. "నాకు చూసుడు అవసరం పడలే. రిజల్టు వచ్చింది."

"గందుకే పిలుస్తున్న."

లోపల రమేశ్ తల్లి గంగవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చావు జరిగిన ఇల్లు, పొయ్యి ముట్టించలేదు. పక్కింటి శంకరవ్వ పూటపూటకు కూడు పంపుతోంది. గంగవ్వ కళ్లలో తడి లేదు. కోపం ఉంది, అది కూడా తనకు ఇష్టమైన దిక్కుకే ఉంది.

"ఎన్నిసార్లు జూస్తరు తమ్మీ? అది నా కొడుకును మింగింది. ఆళ్లవ్వ నిన్ను తోలిందంట కదా. బిడ్డను కాపాడుకునుడు ఎర్కున్నది, పెంచుడు ఎర్కలేదు."

బుచ్చన్న దేవుని గూడు దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. సీసాను పోలీసులు తీసుకెళ్లారు కాని గూడు గూడులాగే ఉంది. చెక్క మీద సీసా అడుగున్నంత గుండ్రటి తెల్లటి గీత. గోటితో గీకి నాలుకకు అంటించుకున్నాడు. ఉప్పు. పక్కనే తీర్థం ఇచ్చే చిన్న స్టీలు చెంచా. దాని గుంటలో కూడా అదే తెలుపు, పొరలు పొరలుగా. ఒక్కసారి ముంచితే అన్ని పొరలు కట్టవు. ఒక పొర ఎండాక మరొకటి. రోజుకొకటి.

ఆయన లేవలేదు. తల తిప్పి అడిగాడు.

"అక్కా, సీసల నీళ్లు ఎక్కడియని చెప్పిండు రమేశ్?"

"నాకేం చెప్పలే."

"సగం సీస ఎవలు తాగిండ్రు?"

"నా కొడుకు. గా లంజముండ తాపింది."

"లీటరు సీస. సగమంటే పెద్ద గిలాసలు రెండు. గంత ఉప్పు నీళ్లు రెండు గిలాసలు గుటగుట తాగిండా నీ కొడుకు? కక్కడా గప్పుడే? రుచి తెల్వదా మనిషికి?"

జయంత్ ట్యాబులోంచి తల ఎత్తాడు. "ఉప్పు ఆమెనే కలిపింది. తుత్తం రుచి తెల్వకుండ."

"పోలీసోళ్లు నీకు సలాం కొట్టిండ్రని ఏదంటె అది నడుస్తది అనుకోకు. మజ్జిగల కలుపుతరు, పప్పుల కలుపుతరు. దేవుని గూట్ల పెట్టి ఉప్పునీళ్ల కలిపి తాగుమంటరా ఎవలన్న? మొగుణ్ణి చంపెటామె నీకంటె తెలివి తక్వదా?"

జయంత్ ముఖం కందింది. బుచ్చన్న మళ్లీ గంగవ్వ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"చెంచా మీద నాలుగు పొరలున్నయి అక్కా."

గంగవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. వాకిట్లో ఎవరి కోడో గింజల కోసం గోకుతోంది, ఆ చప్పుడు వినిపించింది.

"సముద్రంవి అన్నడు," అంది చివరికి. "మనకేడిది తమ్మీ సముద్రం? పుట్టి బుద్దెరిగిన సంది చూసినమా? గా సాయిబుల పిల్లలు మక్కా నీళ్లు తెచ్చి ఊరంత పంచుతరు గద. నా కొడుకు గూడ నాకోసం తెచ్చిండనుకున్న. వాడు దుప్పట్ల సుట్టి పెట్టెల దాచిండు. ముట్టకవ్వా అన్నడు. నేను తీసి దేవుని కాడ పెట్టిన. పొద్దుగాల చెంచాడు తీర్థం తీస్కున్న. ఉప్పగున్నది. సముద్రమంటె గట్లనే ఉంటది గదా అనుకున్న."

"మిగిలినయి?"

"ఇంకో సీసల పోసి పెట్టుకున్న. వాడు మల్ల గుంజుకపోతడేమోనని. ఆదివారం పొద్దుగాల వానికి గూడ ఇచ్చిన. చెంచాడు. నా చేతులతోని. పండుకున్నోణ్ణి లేపి నోట్ల పోసిన. కండ్లు మూసుకొనే మింగిండు. ఏందవ్వా అని తిట్టిండు గూడ."

"అంటె నువ్వే చంపినవనుకుంటున్నవు."

ఆమె తల ఊపింది.

"నాలుగు దినాలు నువ్వు తాగినవు. బతికే ఉన్నవు."

గంగవ్వ అతని ముఖంలోకి చూసింది. ఆ లెక్క ఆమెకు ఇంతవరకు తట్టలేదు.

"నువ్వు సంపినవనుకొని నోరు మూసుకున్నవు. ఆ పొల్లను ఠాణాల కూసోబెట్టి ఈడ శాపనార్థాలు పెడుతున్నవు. మంచిగున్నది. సీస ఏది?"

బియ్యం డబ్బాలోంచి అరలీటరు పట్టే పెద్ద దగ్గు మందు సీసా బయటికి వచ్చింది. గోధుమ రంగు గాజు. లోపలి నీళ్లు కూడా పల్చటి చాయ్ రంగులో ఉన్నాయి. టైము మూడు కావస్తోంది.

బుచ్చన్న నేల మీద మూడు స్టీలు గిలాసలు పెట్టాడు. ఒకదాంట్లో బోరునీళ్లు. ఒకదాంట్లో బోరునీళ్లకు వంటింటి ఉప్పు బాగా కలిపినవి. మూడోదాంట్లో దగ్గు మందు సీసాలోవి, అంతే కొలత. ఒక్కోదాంట్లో ఒక్కో కాగితం ముంచాడు. మూడూ తెల్లగానే వచ్చాయి.

"చిన్న పిల్లల సైన్సు ఫేర్," అన్నాడు జయంత్.

"పెద్దోళ్లకు అర్థమైతలేదని పిల్లలది తెచ్చిన."

చుక్కల సీసా తీశాడు. బోరునీళ్లలో తుత్తం నీళ్లు ఒక్క చుక్క. కాగితం ముంచగానే వంగపండు రంగు. ఉప్పునీళ్లలో ఒక్క చుక్క. అదే రంగు. మూడో గిలాసలో ఒక చుక్క. కాగితం తెల్లగానే ఉంది. రెండు. తెల్లగానే. నాలుగు చుక్కలు వేసి కలిపి, రెండు నిమిషాలు ఆగి ముంచాడు. తెల్లగానే. జయంత్ వంగి చూస్తున్నాడు. తొమ్మిదో చుక్క దగ్గర కాగితం అంచు మీద రంగు పొడిచింది.

"చూసినవా? ఎనిమిది చుక్కల రాగి ఈ నీళ్లు మింగినయి. ఇంకా ఖాళీ ఉండె అన్నట్టు. ఇవి సీసలనుంచి తీసిన నీళ్లే. ఆదివారం రాత్రి నీ ముందట సీసల కాగితం ముంచితే తెల్లగనే వచ్చింది, సాక్షులున్నరు. చిటికెడు తుత్తం పడ్డా గా కాగితం వంగపండు కావాలె. సీసల ఉన్న రాగి యార్డుల పడ్డది, ఈ ఇంట్ల పడలే. రమేశ్ దానితోని చావలే. లత అండ్ల ఏమీ కలపలే."

"తుత్తం ఆమె అన్నంల పెట్టి ఉండొచ్చు కదా," అన్నాడు జయంత్. కాని మాటలో మునుపటి పొగరు లేదు.

"పెట్టి ఉండొచ్చు. గప్పుడు సీస ఎందుకు తోల్తివి ల్యాబుకు? సీస మీదనే కేసు నిలబెట్టింది నువ్వు." బుచ్చన్న జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "ఠాణాల నకలు అడిగి తెచ్చుకున్న. నువ్వు పంపిన రిపోర్టు. ఆదివారం సాయంత్రం ఏడుంబావు. 'దేవుని గూట్లోని సీసాలో రాగి ఉంది, మామూలు కాగితానికి చూపించకపోవచ్చు, ల్యాబులో తప్పక బయటపడుతుంది.' కాగితం ముంచింది ఎనిమిదింటికి. అప్పటికి సీస మూత ఎవ్వరు తీయలే. రాగి ఉన్నదని నీకెట్ల తెలిసె? కాగితానికి దొరకదని గూడ ఎట్ల తెలిసె? ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన మేడమును అడిగితే గాని నాకు తెల్వలే. నీకు ఎవలు చెప్పిండ్రు?"

జయంత్ ఆ కాగితాన్ని తనది కానట్టు చూశాడు. తెలివైనవాడే. కాని తెలివి ఎప్పుడూ ఇతరుల మీద వాడినవాడు, తన మీదికి తిప్పుకోవడం ఇదే మొదలు.

"మనోహర్," అన్నాడు నెమ్మదిగా. "యార్డు సూపర్‌వైజర్. సిరిసిల్ల అతను, సెలవు మీదున్నడు. కంపెనీ తరఫున నాతో మాట్లాడేది అతనే. ఆదివారం ఆరున్నరకు ఫోన్ చేసిండు. పేదోళ్ల కుటుంబం, తొందరగ తేల్చండి, సీసల చూడండి అన్నడు. నేను నా తెలివి అని రాసుకున్న."

"ఫోన్లు రికార్డయితయా నీకు?"

"అన్నీ అయితయి."

"ఈ ఇంటోళ్లకు తప్ప అందరికి పనికొచ్చినవు పో. నీళ్లల ఏమున్నదో, అది కాగితానికి ఎందుకు దొరకదో యార్డోళ్లకే ఎరుక. నెలనెలా ఆడి సర్కారు చెకింగుకు సీసలు నింపెటోడు రమేశ్. దూరం నుంచి మురికి లేని సముద్రం నీళ్లు నింపుమన్నరు, నింపిండు. ఒక్కటి మాత్రం యార్డు మోరీ దగ్గర ముంచి తెచ్చిండు, బయట పెడ్తనని. లత ఈ మాట మొదటి దినమే చెప్పింది, నవ్విండ్రు. మనిషి పోవాలె, సీస గూడ సాక్ష్యం కాకుండ పోవాలె. పెండ్లాం విషం కలిపిన సీసను రేపు ఎవడన్న సముద్రంది అని నమ్ముతడా?"

"ఆదివారం మనోహర్ ఈడికి వచ్చిండా?" జయంత్ గంగవ్వను అడిగాడు. ఆ గొంతు మారిపోయింది.

"పదకొండింటికి వచ్చిండు బిడ్డా. గూట్ల దేవునికి దండం గూడ పెట్టిండు. దోస్తు గదా. ఇద్దరు బండి మీద బయటికి పోయి పన్నెండున్నరకు వచ్చిండ్రు. వాడు వాకిట్లకెల్లే మర్లిండు. మొన్న కాష్టం కాడ నాకంటె ఎక్కువ ఏడ్చిండు."

మూడూ ఇరవైకి జయంత్ ఠాణాకు ఫోన్ చేశాడు. రికార్డు పంపాడు. తన రిపోర్టు తప్పని తన నోటితోనే చెప్పాడు. ఆ ఒక్క వాక్యానికి మాత్రం బుచ్చన్న అతన్ని చిన్నచూపు చూడలేదు. గంగవ్వ ఫోన్ అందుకుని తీర్థం సంగతి అంతా చెప్పింది, ఎక్కడా ఆపకుండా. సంతకం ఆగింది.

నాలుగుంబావుకు ఒక మహిళా కానిస్టేబులు లతను ఆటోలో తెచ్చి వాకిట్లో దించి వెళ్లిపోయింది. నాలుగు రోజుల చీర. లత అత్త ముఖం చూడలేదు. గంగవ్వ లేచి నిలబడింది, ఒక అడుగు వేసి ఆగిపోయింది. అప్పుడే జయంత్ ఫోన్ మోగింది. వినేసి పెట్టేశాడు.

"మనోహర్. కోరుట్ల దాటిండట. చావింటికి కూడు తెస్తున్న, సంతకం అయిందా అని అడిగిండు. అయింది అన్న."

"పోలీసోళ్లు?"

"అతని కోసం సిరిసిల్ల దిక్కు పోయిండ్రు. మలుపుకొని రావాలంటె నలభై నిమిషాలు."

బుచ్చన్న లతను దగ్గరికి పిలిచాడు. "బిడ్డా, రమేశ్‌ను చంపినోడు ఇప్పుడు ఈ ఇంటికి వస్తున్నడు. నలభై నిమిషాలు ఆపాలె. చావింట్ల బంతిల కూసున్నోడు నడుమ లేస్తె తప్పు, వానికి గూడ ఎరుకే. వడ్డించగలవా?"

లత కాళ్లు కడుక్కొని లోపలికి వెళ్లింది.

మనోహర్ టిఫిన్ గిన్నెలతో దిగాడు. పలచటి మనిషి, ఎర్రబడ్డ కళ్లు, మంచి ఏడుపు ముఖం. గుమ్మంలో లతను చూసి ఆగాడు. ఆ ఆగడం ఒక్క క్షణమే, కాని బుచ్చన్నకు అది చాలు.

"ఇడిసిపెట్టిండ్రా చెల్లే?"

"అన్నం తినిపోదువు రా," అంది లత.

"నేను తినే వచ్చిన..."

"చావింటికొచ్చి గుమ్మం కాడ మర్లుతవా కొడుకా?" అంది గంగవ్వ. "రమేశ్ నీ దోస్తు గాదా?"

చెప్పులు విడిచాడు. అతను తెచ్చిన గిన్నెలను బుచ్చన్న ఏమీ అనకుండా తీసుకుని గూడు కింద పెట్టాడు, మూతలు తీయకుండా. శంకరవ్వ పంపిన అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు చాప ముందుకు వచ్చాయి. గోడ వైపు మనోహర్, అతనికి ఎడమ పక్క బుచ్చన్న, కుడి పక్క జయంత్. ఎదురుగా గంగవ్వ. లత మొదట మనోహర్ ఆకులో వడ్డించింది. తర్వాత అత్త ఆకులో వేసింది. గంగవ్వ తన ఆకును కొంచెం పక్కకు జరిపి చాప మీద చోటు చేసింది. లత నిలబడే ఉంది. గంగవ్వ ఆ చోటు మీద అరచేయి పెట్టి ఉంచింది, లత కూర్చునే దాకా తీయలేదు.

మనోహర్ రెండు ముద్దలు గబగబా తిన్నాడు. మూడో ముద్దకు గుమ్మం వైపు చూశాడు. లత మళ్లీ లేచి అతని ఆకు నిండా అన్నం వేసింది. వద్దనడానికి చెయ్యి అడ్డం పెట్టబోయి, నలుగురు తననే చూస్తున్నారని గ్రహించి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కలపడం మొదలుపెట్టాడు.

అందరూ నెమ్మదిగా, మెతుకు మెతుకుగా తింటున్నారు.